చెక్క కొండకి ఉక్కు గెటప్!

2014 సెప్టెంబరు 8, సోమవారం. మధ్యాహ్నం వేళ. అమెరికాలో లాస్ ఏంజిలెస్ నగరానికి ఉత్తరంగా, వెలెన్సియా అనే చోట ఆకాశంలోకి నల్లటి పొగ లేచింది. ఫైరింజన్లు పరుగెత్తాయి. టీవీ వాళ్ళ హెలికాప్టర్లు గద్దల్లా చుట్టూ తిరిగాయి. తగలబడుతున్నది గోడౌను కాదు, సినిమా సెట్టింగు అంతకన్నా కాదు. ఒక స్టారు!

నవ్వకండి. స్టారన్న మాట ఊరికే అనలేదు. పేరు కొలాసస్. వయసు 36 ఏళ్ళు. ఎత్తు 125 అడుగులు. ఒంటినిండా తెల్లరంగు. వృత్తి — జనాన్ని కొండమీదికి ఎక్కించి, అక్కణ్ణించి కిందికి వదిలెయ్యడం. సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్ అనే వినోదాల పార్కులో నిలబడి వున్న చెక్క రోలర్ కోస్టర్ అది. హెరాల్డ్ రేమిస్ దర్శకత్వంలో, చెవీ ఛేజ్ హీరోగా 1983లో వచ్చిన ‘నేషనల్ లాంపూన్స్ వెకేషన్’ చూశారా? పెళ్ళాం పిల్లల్ని కార్లో వేసుకుని, ‘వాలీ వరల్డ్’ అనే పార్కు చూపిస్తానని షికాగో నుంచి కాలిఫోర్నియా దాకా నానా తంటాలు పడి చేరుకునే ఓ అమాయకపు తండ్రి కథ. తీరా వెళ్ళేసరికి పార్కు మూసి వుంటుంది! ఆ వాలీ వరల్డ్ వేషం కట్టింది మ్యాజిక్ మౌంటెనే. అందులో ‘విప్పర్ స్నాపర్’ అనే పేరుతో తెరమీద కనిపించేది మన కొలాససే.

ఆ సినిమా వెనక ఓ ముచ్చటుంది. మొదట తీసిన క్లైమాక్సులో కోస్టర్ల సందడే లేదు. మూసిన పార్కు చూసి ఒళ్ళు మండిన హీరో, తిన్నగా పార్కు యజమాని ఇంటిమీదికి పోతాడు. ముందుగా చూపించిన ప్రేక్షకులు పెదవి విరిచారు. అంతదూరం తీసుకొచ్చి కోస్టరెక్కించకపోతే ఎలా? దాంతో జాన్ కాండీని పార్కు కాపలాదారుగా పెట్టి, కుటుంబమంతటినీ కోస్టర్ల మీద కూచోబెట్టి క్లైమాక్సు తిరగతీశారు. ఈ మధ్యలో కొడుకు వేషం వేసిన ఆంథొనీ మైకేల్ హాల్ ఎదిగే వయసు కుర్రాడు కావడంతో పొడుగైపోయాడు. శ్రద్ధగా చూస్తే ఇట్టే పట్టెయ్యొచ్చు!

ఆ సినిమాకి రీషూటు కలిసొచ్చింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత కొలాసస్‌కే రీషూటు తప్పలేదు. 2014 ఆగస్టు 16న దానికి ఆఖరి ఆట. ఆ తర్వాత చెక్క పట్టాలు పీకేసి, అదే చెక్క కొండమీద ఉక్కు పట్టాలు పరిచే పని మొదలుపెట్టారు. ఆ పని సాగుతుండగానే కొండ నెత్తిన నిప్పంటుకుంది. పైభాగం విరిగి కుప్పకూలింది. పార్కుకి ఆ రోజు సెలవు. కింద జనం లేరు.

కింద లేరుగానీ, టీవీల ముందు వున్నారు. వాళ్ళు కొలాసస్ అభిమానులు. అప్పటికి మూడు వారాలుగా ఆ కొండ ఏమవుతుందోనని కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నవాళ్ళు. ఈ కథలో సగం కొలాసస్‌దైతే మిగతా సగం వాళ్ళది.

సినిమా కడుపున పుట్టిన సంఘం

మన హీరోలకి అభిమాన సంఘాలున్నట్టే అక్కడ రోలర్ కోస్టర్లకీ వున్నాయి. వాటిలో పేరుమోసింది ‘అమెరికన్ కోస్టర్ ఎంథూసియాస్ట్స్’. ఈ సంఘం పుట్టింది ఏ ఇంజినీర్ల మీటింగులోనో కాదు. సాక్షాత్తూ ఓ సినిమా పబ్లిసిటీలో!

1977లో యూనివర్సల్ వాళ్ళు ‘రోలర్‌కోస్టర్’ అనే చిత్రం విడుదల చేశారు. దర్శకుడు జేమ్స్ గోల్డ్‌స్టోన్. జార్జ్ సీగల్ హీరో. రిచర్డ్ విడ్‌మార్క్, హెన్రీ ఫోండా లాంటి హేమాహేమీలున్నారు. పార్కుల్లో కోస్టర్ల మీద బాంబులు పెట్టి డబ్బు గుంజాలని చూసే ఓ నింపాది కుర్రాడి వేషం తిమొతీ బాటమ్స్‌ది. వాడి వెంటపడే సేఫ్టీ ఇన్‌స్పెక్టరు సీగల్. దాన్ని ‘సెన్‌సరౌండ్’ పద్ధతిలో ఆడించారు. అంటే హాల్లో భారీ స్పీకర్లు బిగించి, చెవికన్నా ముందు గుండెకి తగిలే లోతైన శబ్దంతో ప్రేక్షకుణ్ణి కుర్చీతో సహా వణికించడమన్నమాట.

ఆ చిత్రం ప్రచారం కోసం వర్జీనియాలోని కింగ్స్ డొమినియన్ పార్కులో, ‘రెబెల్ యెల్’ అనే చెక్క కోస్టరు మీద గంటల తరబడి స్వారీ చేసే పోటీ పెట్టారు. ఆ పోటీకి దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు ఒకర్నొకరు చూసుకుని ఆశ్చర్యపోయారు — ఈ పిచ్చి నాకొక్కడికే కాదన్నమాట! మరుసటేడు, అంటే 1978లో, సంఘం వెలిసింది. కొలాసస్ మొదలైందీ ఆ ఏడే. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు.

సంఘానికి సొంత పత్రిక వుంది, సభలున్నాయి. చరిత్ర వున్న కోస్టర్లకి గుర్తింపు ఫలకాలిస్తారు. పాత చెక్క కోస్టర్లని కాపాడుకోవడం వాళ్ళు మొదట్నుంచీ నెత్తినేసుకున్న పని. మనవాళ్ళు ‘ఎన్నిసార్లు చూశావ్?’ అనడిగితే, వాళ్ళు ‘ఎన్నిటిమీద ఎక్కావ్?’ అనడుగుతారు. లెక్కకి వాళ్ళ భాషలో ‘క్రెడిట్’ అని పేరు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనుంది.

అసలు సినిమాకీ చెక్క కోస్టరుకీ చుట్టరికం ఇంకా పాతది. 1952లో ‘దిస్ ఈజ్ సినెరమా’తో పెద్ద వంపు తెరని జనానికి పరిచయం చేసినప్పుడు, తెరలు విప్పగానే చూపించింది న్యూయార్కు రాకవేస్ ప్లేల్యాండ్‌లోని ‘ఆటమ్ స్మాషర్’ కోస్టరు స్వారీ. రైలు ముందు కెమెరా కట్టి తీశారు. కూచున్న చోటు నుంచి కదలకుండానే జనం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

ఇక ‘రోలర్‌కోస్టర్’ సినిమా మొదట్లో రైలు పట్టాలు తప్పేది నార్‌ఫోక్ ఊళ్ళో ఓషన్ వ్యూ పార్కు కోస్టరు. తర్వాత ఆ పార్కు మూతపడ్డాక, 1979లో ఓ టీవీ చిత్రం కోసం ఆ కోస్టరుని డైనమైటు పెట్టి కూల్చాలనుకున్నారు. కెమెరాలు సిద్ధం, క్లాపు కొట్టారు, పేల్చారు. పొగ విడిపోయేసరికి కోస్టరు అక్కడే నిలబడి వుంది! మళ్ళీ పేల్చారు. మళ్ళీ నిలబడింది. చివరికి కేబులు కట్టి లాగితేగానీ పడలేదు. చెక్కే కదా అని తీసిపారేసేవాళ్ళకి అభిమానులు ఇప్పటికీ ఈ కథే చెబుతారు.

చెక్కకి వచ్చే జబ్బులు

ఇంతకీ చెక్క కోస్టరంటే రైలు నేరుగా చెక్కమీద పరుగెత్తుతుందనుకునేరు. పొడుగాటి పలకలు ఒకదాని మీద ఒకటి ఏడెనిమిది వరసలు పేర్చి, మేకులతో బిగించి, పైన పల్చటి ఉక్కు పట్టీ తాపడం చేస్తారు. చక్రం తిరిగేది ఆ పట్టీ మీద. పక్కకి పోకుండా పక్క చక్రం, పైకి లేచిపోకుండా పట్టాకి కిందనుంచి పట్టుకునే అడుగు చక్రం వుంటాయి. ఈ అడుగు చక్రానికి 1919లో పేటెంటు తీసుకున్నవాడు జాన్ మిల్లర్ అనే మహానుభావుడు. కోస్టర్ల లోకంలో ఆయన పేరు చెబితే అభిమానులు చెప్పులు విడిచి నమస్కరిస్తారు.

చెక్కకి ప్రాణముంది. ఎండకి బిగుస్తుంది, వానకి ఉబ్బుతుంది. రైలు వెళుతుంటే కొండంతా కొద్దిగా ఊగుతుంది. ఊగాలి కూడా. ఆ ఊపు, ఆ టకటకలు, ఆ గడగడలు… ఇదంతా కలిపితేనే చెక్క కోస్టరు. కానీ టన్నుల బరువున్న రైలు రోజూ వందలసార్లు ఒకే మలుపుని గుద్దుతుంటే పలకలు అరుగుతాయి, మేకులు వదులవుతాయి. ప్రతి సంవత్సరం వడ్రంగులు ముక్క ముక్కగా పట్టా మారుస్తూనే వుండాలి. ఖర్చు పెరుగుతుంది. అశ్రద్ధ చేస్తే స్వారీ కాస్తా ఎడ్లబండి ప్రయాణమవుతుంది. దిగినవాడు నడుం పట్టుకుని దిగుతాడు. రెండోసారి ఎక్కడు.

ఈ జబ్బుకి బలైనవాళ్ళలో పెద్ద పేరు ‘టెక్సాస్ జెయింట్’ది. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ పక్కనే, ఆర్లింగ్టన్‌లో, 1990లో మొదలైంది. ఎత్తు 143 అడుగులు. కోస్టర్ల లోకంలో ‘గోల్డెన్ టికెట్’ అనే అవార్డులున్నాయి. 1998లో వాటిని పెట్టిన మొదటి ఏడే అత్యుత్తమ చెక్క కోస్టరు బహుమతి దీనికొచ్చింది. 1999లోనూ దీనికే. వరసగా రెండేళ్ళు బంగారు పతకం! అలాంటి హీరో పదేళ్ళు తిరిగేసరికి, ఎక్కినవాళ్ళు ఎముకలు లెక్కపెట్టుకునే స్థితికొచ్చాడు. 2009 చివర్లో మూసేశారు.

అందరూ ఇక కూల్చేస్తారనుకున్నారు. అప్పుడు వచ్చింది ఐడహో రాష్ట్రం నుంచి రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ అనే కంపెనీ. అధిపతి ఫ్రెడ్ గ్రబ్. డిజైనరు ఆలన్ షిల్కీ. వాళ్ళు చెప్పిన ఉపాయం వినడానికి చాలా తేలిక. ‘కింద చెక్క కట్టడం చాలావరకు బాగానే వుంది. జబ్బంతా పట్టాలోనే. పట్టా ఒక్కటీ తీసి ఉక్కుది వేద్దాం.’

ఉక్కు పట్టా అంటే మామూలుగా గొట్టాలు వంచి చేస్తారు. వీళ్ళు ఉక్కు పలకలు కోసి, అతికి, ‘ఐ’ ఆకారపు దూలంలా తయారుచేశారు. పేరు ఐ-బాక్స్. పలకని ముందే కావలసిన వంపుకి కోసి అతుకుతారు కాబట్టి ఎటు కావాలంటే అటు మెలిపెట్టొచ్చు. పాత చెక్క స్తంభాల మీద కూచోబెట్టొచ్చు. 2011 ఏప్రిల్లో ‘న్యూ టెక్సాస్ జెయింట్’ విడుదలైంది. ఎత్తు 153 అడుగులకి పెరిగింది. మొదటి దిగుడు 79 డిగ్రీలు, అంటే దాదాపు గోడే! రైలు ముందు భాగాన్ని పొడుగు కొమ్ములు తగిలించిన పాతకాలపు కాడిలాక్ కారులా ముస్తాబు చేశారు. ఆ ఏడు గోల్డెన్ టికెట్లలో ఉత్తమ నూతన రైడు బహుమతి ఎగరేసుకుపోయింది.

పాత హీరోకి కొత్త గెటప్ వేసి, నూతన నటుడి అవార్డిప్పించినట్టు!

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకూడదు. 2013 జూలైలో ఈ న్యూ టెక్సాస్ జెయింట్ మీదనుంచి ఒక మహిళ పడిపోయి మరణించింది. కోస్టరుని సెప్టెంబరు దాకా మూసి, అదనంగా సీటు బెల్టులు పెట్టి తెరిచారు. కొలాసస్ చరిత్రలోనూ ఇలాంటి రోజుంది. మొదలైన ఏడే, 1978 డిసెంబరులో, ఓ యువతి రైల్లోంచి పడి ప్రాణాలు పోగొట్టుకుంది. ఉక్కైనా చెక్కైనా, పైనున్నది మనిషి. అభిమానుల్లో పెద్దవాళ్ళు కొందరు పట్టా గురించి మాట్లాడే ముందు ఒడిలో వాలే కమ్మీ గురించి మాట్లాడతారు. అది సబబే అనిపిస్తుంది.

సస్పెన్సు చిత్రం: మీన్ స్ట్రీక్

అభిమానుల డిటెక్టివు పని చూడాలంటే ఒహాయో రాష్ట్రం వెళ్ళాలి. అక్కడ ఈరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్ పార్కు. అందులో 1991లో కట్టిన ‘మీన్ స్ట్రీక్’. టెక్సాస్ జెయింట్‌ని రూపొందించిన కర్టిస్ సమ్మర్స్, నిర్మించిన డిన్ కార్పొరేషనే దీనికీ కర్తలు. అంటే అదే దర్శకుడు, అదే నిర్మాత. ఎత్తు 161 అడుగులు. కట్టడానికి 17 లక్షల బోర్డు అడుగుల కలప పట్టింది. కానీ సినిమా ఆడలేదు! మొదటి దిగుడులోనే బ్రేకులు బిగించారు, పట్టా అరిగిపోకుండా. హీరో పిడికిలి ఎత్తగానే ఆపరేటరు ప్రొజెక్టరు ఆపేస్తే ఎలా వుంటుంది? అలా వుండేది. అభిమానులు దాన్ని తిట్టని రోజు లేదు.

2016 సెప్టెంబరు 16న దానికి చివరి స్వారీలన్నారు. తిట్టినవాళ్ళే వచ్చి బారులు తీరారు. ఇదీ అభిమాని మనసు! ఆ తర్వాత ఏం చేయబోతున్నారో పార్కు వాళ్ళు నోరు విప్పలేదు.

విప్పకపోతేనేం? అంత పెద్ద కొండని గుడ్డ కప్పి దాచలేరుగా. సీడార్ పాయింట్లో ఆవిరి రైలొకటి తిరుగుతుంది. పిల్లల్నెక్కించుకుని మీన్ స్ట్రీక్ పక్కనుంచి వెళుతుంది. పిల్లల్లేనివాళ్ళు కూడా మెడలో కెమెరాలు వేలాడేసుకుని ఆ రైలెక్కసాగారు. ఎక్కడ స్తంభం తీశారు, ఎక్కడ కొత్తది నాటారు, కొండ నెత్తిన ఎన్ని మెట్లు పెరిగాయి — ఫోటోలు పక్కపక్కన పెట్టి లెక్కలు కట్టారు. తెచ్చి పడేసిన ఉక్కు పట్టాల వంపు చూసి ‘ఇది తలకిందుల మలుపు ముక్క’ అని ఒకడంటే, ‘కాదు, కొండ తర్వాత మెలిక’ అని ఇంకొకడు. చెప్పులు చూసి మనిషి పొడుగు చెప్పినట్టే! విచిత్రమేమిటంటే వీళ్ళ ఊహలు చాలావరకు నిజమయ్యాయి.

2017 ఆగస్టులో గానీ పార్కు అధికారికంగా చెప్పలేదు. పేరు ‘స్టీల్ వెంజెన్స్’. అంటే ఉక్కు పగ! మన డబ్బింగ్ చిత్రం పోస్టరు మీద వేసినా సరిపోయే పేరు. 2018 మే 5న తెరిచారు. ఎత్తు 205 అడుగులు, దిగుడు నిట్టనిలువు 90 డిగ్రీలు, వేగం గంటకి 74 మైళ్ళు, తలకిందులయ్యేది నాలుగుసార్లు. వీటన్నిటికన్నా అభిమానులు నోరూరించుకునే అంకె మరొకటుంది. 27.2 సెకన్లు. కూచున్న మనిషి సీటుని వదిలి గాల్లో తేలే సమయం అదీ, మొత్తం కలిపి. దానికోసం పడిగాపులు పడేవాళ్ళకి ఆ 27 సెకన్లే సినిమా. మిగతాదంతా డాక్యుమెంటరీ.

తొలి ఆటకి చిన్న అపశ్రుతి కూడా. మొదటిరోజే ఒక రైలు తిరిగొచ్చి స్టేషను దగ్గరున్న రెండో రైలుని తాకింది. పెద్ద దెబ్బలేమీ లేవుగానీ, కొన్నాళ్ళు ఒకే రైలుతో నడిపారు. క్యూలో గంటలకి గంటలు నించున్నారు జనం. మొదటివారం బ్లాకు టికెట్ల దగ్గర కూడా అంత ఓపిక చూడం.

నెగటివ్ లేని సినిమా

అయితే అందరూ చప్పట్లే కొట్టారా? లేదు. అసలు గొడవ ఇక్కడుంది.

మార్చాక అది చెక్క కోస్టరా, ఉక్కు కోస్టరా? స్తంభాలు చూస్తే చెక్క. పట్టా చూస్తే ఉక్కు. పట్టాని బట్టే జాతి నిర్ణయమని లెక్కలు రాసేవాళ్ళు దాన్ని ఉక్కు పద్దులో వేశారు. ‘హైబ్రిడ్’ అని మూడో కులం కల్పించినవాళ్ళూ వున్నారు. ఇందాక గుర్తుంచుకోమన్న ‘క్రెడిట్’ సంగతి ఇప్పుడొస్తుంది. పాత మీన్ స్ట్రీక్ ఎక్కినవాడు కొత్త స్టీల్ వెంజెన్స్ ఎక్కితే లెక్కలో ఒకటా, రెండా? ‘రెండే. స్వారీ పూర్తిగా వేరు’ అని ఒక పక్షం. ‘ఒకే స్తంభాలు, ఒకే నేల, ఒకటే’ అని మరో పక్షం. పైకి పిల్లల పోట్లాటలా వుంటుంది. కానీ లోపల అడుగుతున్న ప్రశ్న వేరు. పాతది బతికినట్టా, పోయినట్టా?

మనకి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’కి 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు మన దగ్గర ఏం జరిగింది? కొత్త తరం పిల్లలు హాలుకి వచ్చి చూశారని సంతోషించినవాళ్ళున్నారు. మార్కస్ బార్ట్‌లీ వెన్నెల నలుపు తెలుపుల్లో పుట్టింది, దానికి రంగు పూయడమేమిటని నొచ్చుకున్నవాళ్ళున్నారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ ఒక్క తేడా చూడండి. రంగుల మాయాబజార్ నచ్చనివాడు ఇంటికెళ్ళి నలుపు తెలుపు మాయాబజార్ పెట్టుకోవచ్చు. కొలాసస్‌కి నెగటివ్ లేదు. పట్టా పీకిన మర్నాడు పాత కొలాసస్ ఎక్కడా లేదు. దాని గడగడ ఎవరో గుండెకి కెమెరా కట్టుకుని తీసిన వీడియోల్లో వుంది, అంతే. వీడియో ఊగుతుందిగానీ నడుం కదలదు.

చెక్కపక్షం వాళ్ళ దుఃఖం ఇదే. ఉక్కు పట్టా మీద కొత్త రైళ్ళకి మెత్తటి చక్రాలు వుంటాయి. శబ్దం జారుడు బల్లలా సాగిపోతుంది. స్వారీ బాగుంటుంది, కాదనరు. ఎక్కి కేరింతలు కొట్టి దిగుతారు కూడా. దిగాక అంటారు — బాగుంది, కానీ వాడు కాదు.

రెండోపక్షం జవాబు కూడా తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. మార్చకపోతే మిగిలేదేమిటి? టెక్సాస్ జెయింట్ అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు కూల్చేసి పార్కింగు వేసేవారు. న్యూయార్కు కోనీ ఐలండ్‌లో ‘థండర్‌బోల్ట్’ అని వుండేది. వుడీ ఆలెన్ ‘ఆనీ హాల్’లో, హీరో చిన్నతనంలో ఓ కోస్టరు కింద ఇంట్లో వుంటాడే, పైన రైలు పోతే కింద భోజనాల బల్ల వణుకుతుందే — అదే. ఎన్నో ఏళ్ళు పాడుపడి వుండి, 2000లో నేలమట్టమైంది. సినిమాలో నటించానంటే బుల్‌డోజరు ఆగలేదు. అలా పోవడం కన్నా ఒళ్ళు మార్చుకుని బతకడం మేలు కాదా అంటారు వీళ్ళు. నన్నడిగితే వీళ్ళవైపే రెండు వేళ్ళు ఎక్కువ మొగ్గుతాను. కానీ ‘వాడు కాదు’ అన్న మాట వినిపించినప్పుడల్లా ఆ రెండు వేళ్ళూ వెనక్కి వస్తుంటాయి.

ఈ మార్పిడి అమెరికాకే ఆగలేదు. మెక్సికో, హాలెండు, జపాను దాకా పాకింది. జపాన్‌లో నాగషిమా స్పా ల్యాండ్‌లోని ‘వైట్ సైక్లోన్’ 2019లో ‘హకుగెయ్’ అయింది. 1994లో ‘వేయిన్స్ వరల్డ్’ అనే హాస్యచిత్రం పేరు చెప్పుకుని కింగ్స్ డొమినియన్‌లో పెట్టిన ‘హర్లర్’ కూడా 2018లో ‘ట్విస్టెడ్ టింబర్స్’గా మారిపోయింది. పాపం, సినిమా పేరు దానికి ఇరవయ్యేళ్ళకు మించి అచ్చిరాలేదు.

ఎదురుచూపుల్లో రికార్డు మాత్రం ఫ్లోరిడా వాళ్ళది. టాంపాలో బుష్ గార్డెన్స్ పార్కులోని ‘గ్వాజీ’ సింహం, పులి పేర్లతో రెండు పట్టాల చెక్క కోస్టరు. 2015 ఫిబ్రవరి 1న మూశారు. మూసి వదిలేశారు. అది అలాగే నిలబడి వుంది, ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ. చివరికి మార్పిడి మొదలై, 2020లో విడుదలన్నారు. అంతలో కరోనా. కొత్త ఉక్కు పట్టా తళతళలాడుతూ, కొండ పూర్తై, రైలెక్కేవాడు లేక నిలబడింది. కటౌట్లు కట్టి, తోరణాలు కట్టి, బాక్సు రానట్టు! ‘ఐరన్ గ్వాజీ’ తెరిచేసరికి 2022 మార్చి వచ్చింది. ఏడేళ్ళు! మొదటి గ్వాజీని చిన్నప్పుడు ఎత్తు చాలక ఎక్కలేకపోయిన పిల్లలు ఈలోగా ఎదిగి వచ్చి ఎక్కారు.

కొలాసస్ మళ్ళీ తెరమీదికి

మరి మన కథానాయకుడు? మంటల్లో కాలిన నెత్తి మళ్ళీ కట్టారు. 2015 మే నెలలో ‘ట్విస్టెడ్ కొలాసస్’గా తిరిగొచ్చాడు. ఎత్తు 121 అడుగులు. వేగం గంటకి 57 మైళ్ళు. పాతదాని 62తో పోలిస్తే తక్కువే. అంకెలు చూసి పెదవి విరిచినవాళ్ళు ఎక్కాక నోరు మూసుకున్నారు.

పాత కొలాసస్‌ది ద్విపాత్రాభినయం. పక్కపక్కనే రెండు పట్టాలు, రెండు రైళ్ళు, ఎవరు ముందొస్తారన్న పందెం. కొత్త కొలాసస్‌లో డిజైనరు షిల్కీ తమాషా చేశాడు. రెండు పట్టాల్నీ కలిపి ఒక్కటి చేశాడు. నీలం పట్టా మీద కొండెక్కి ఒక చుట్టు తిరిగొస్తే, రైలు స్టేషనుకి పోకుండా ఆకుపచ్చ పట్టా మీద రెండో కొండెక్కుతుంది. మొత్తం పొడవు దాదాపు 5 వేల అడుగులు. అంటే నీలం పట్టా మీద ఒక రైలు కొండెక్కుతున్నప్పుడు, ముందు బయల్దేరిన రైలు పక్కనే ఆకుపచ్చ కొండెక్కుతూ వుండొచ్చు. రెండూ ఒకేసారి నెత్తికి చేరితే మళ్ళీ పాత పందెమే! ఒకచోట రెండు రైళ్ళూ ఒకదానివైపొకటి వాలి, ఇటువాళ్ళూ అటువాళ్ళూ చేయి చాస్తే తగిలేటంత దగ్గరగా వస్తాయి. నిజంగా తగలదు, అలా అనిపిస్తుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరే ‘హై ఫైవ్’.

అయితే ఇది రోజూ కుదిరేది కాదు. స్టేషన్లో జనాన్ని ఎక్కించి, కమ్మీలు బిగించి, సరిగ్గా ఆ క్షణానికి రైలు వదలాలి. ఒకావిడ చేతిసంచీ ఎక్కడ పెట్టాలో తెలీక తచ్చాడితే చాలు, పందెం పోయినట్టే. పక్క పట్టా ఖాళీగా పోతుంది. అందుకని అభిమానులు వరస దగ్గరే నిలబడి గమనిస్తారు. ఈసారి పనివాళ్ళు చురుగ్గా వున్నారా, రైళ్ళు జోడీ పడుతున్నాయా అని. పడకపోతే వెనకున్నవాళ్ళని ‘మీరెళ్ళండి బాబూ’ అని ముందుకి పంపి తాము ఆగుతారు. జోడీ కుదిరిందా, గబగబా వెళ్ళి కూచుంటారు. కొండ మీద గొలుసు టకటకమంటుంది. పక్క రైల్లో ముక్కూ మొహం తెలియని మనిషెవడో ఇటు తిరిగి నవ్వుతాడు. రెండు రైళ్ళూ ఒకేసారి నెత్తికి చేరతాయి. చేతులు పైకి లేస్తాయి.